మల్లి మోకాలు, మిన్నెసోటా మంచు

పోయిన నెల డాలస్ నుంచి ఇక్కడికి, మిన్నెసోటాలోని ప్లిమత్‌కి, ఒక జంట మారారు. మేపుల్ గ్రోవ్ గుడిలో పరిచయం. వాళ్ళకి మూడేళ్ళ ల్యాబ్ (లాబ్రడార్) కుక్క ఉంది. ఆ అమ్మాయి మొన్న ఆదివారం ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ చలి ఘోరంగా ఉంటుందంట కదా, కుక్కకి ఏ ఇన్సూరెన్స్ తీసుకుంటే మంచిది? ఫ్రాస్ట్‌బైట్, అదే చలికి ఒళ్ళు గడ్డకట్టి దెబ్బతినడం, కవర్ చేసేది ఏదైనా ఉందా?" అని అడిగింది. డాలస్‌లో తీసుకున్న పాలసీ ఇంకా నడుస్తోంది. కానీ ఇక్కడి అడ్రస్ పెట్టి చూస్తే వేరే కంపెనీలో నెలకు 14 డాలర్లు తక్కువ చూపిస్తోందట. పాతది ఆపేసి కొత్తది తీసుకుందామని ఉంది తనకి.

"ఆపకు, నేను చెప్పేదాకా మాత్రం ఆపకు. రేపు తీరిగ్గా మాట్లాడదాం" అని పెట్టేశాను. రాత్రంతా అదే ఆలోచన. ఐదేళ్ళ కిందట నేను అడిగిందీ సరిగ్గా ఆ ప్రశ్నే. అడగాల్సిన ప్రశ్న అది కాదని తెలుసుకునేసరికి మాకు పదకొండు వేల డాలర్లు దాటిపోయింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చలి ప్రాంతంలో కుక్కకి ఇన్సూరెన్స్ ఎంచుకునేటప్పుడు చలిని చూసి ఎంచుకోకూడదు, మోకాలిని చూసి ఎంచుకోవాలి. నెలకి ప్రీమియం ఎంత అన్నది ఆఖరున చూడాల్సిన అంకె. మోకాలి గురించి పాలసీలో ఏం రాశారు, ఎన్నాళ్ళు ఆగమన్నారు అన్నది మొదట చదవాలి. ఆ చదివే పని మంచు పడకముందే, కుక్క చిన్నగా ఉన్నప్పుడే జరగాలి.

ఆ జనవరి సాయంత్రం

మల్లి మాది. పసుపు ల్యాబ్ అంటారు గానీ దాదాపు తెలుపే, అందుకే ఆ పేరు పెట్టాం. 2017లో రెండు నెలల పిల్లగా మా ఇంటికి వచ్చింది. మూడేళ్ళు ఇన్సూరెన్స్ ఊసే లేకుండా గడిచిపోయాయి. 2020 నవంబరులో, మంచు మొదలైన వారంలో, భయమేసి పాలసీ తీసుకున్నాను.

ఆ భయం చలి గురించే. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో మైనస్ 33. ఆ పొద్దున మల్లిని పెరట్లోకి వదిలితే రెండు నిమిషాలు తిరక్కుండానే ఒక కాలు పైకెత్తి, మూడు కాళ్ళ మీద నిలబడి నా వైపు చూసింది. ఎత్తుకుని లోపలికి తెచ్చాను. ఆ చూపు అలా ఉండిపోయింది నాలో. అందుకే పాలసీ తీసుకుంటూ ఫోన్‌లో అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, ఫ్రాస్ట్‌బైట్ వస్తే మీరు డబ్బిస్తారా అని. ఇస్తామన్నారు. కార్డు నంబరు చెప్పేశాను. పాలసీ కాగితం పీడీఎఫ్‌గా మెయిల్‌కి వచ్చింది. తెరవలేదు.

రెండు నెలల తర్వాత, 2021 జనవరి మధ్యలో, మూడు రోజులు ఎండ కాసింది. పగలు 38 డిగ్రీల ఫారెన్‌హీట్ (సెల్సియస్‌లో 3) దాకా వెళ్ళింది. ఇక్కడివాళ్ళకి అది పండగ. కోట్లు విప్పేసి తిరుగుతారు. కప్పుల మీద మంచు కరిగి డ్రైవ్‌వే మీదికి పారింది. సాయంత్రం ఐదింటికి పొద్దు కుంకగానే ఆ నీరంతా గడ్డకట్టి, కంటికి ఆనని అద్దంలా మారింది. మల్లి ఒక ఉడతను చూసి పరిగెత్తింది. వెనక కాలు పక్కకి జారింది. ఒక్క కేక. మళ్ళీ లేచింది గానీ ఆ కాలు కింద పెట్టలేదు.

అవి కోవిడ్ రోజులు. ఎమర్జెన్సీ క్లినిక్‌లో మనుషుల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. పార్కింగ్‌లో కారు ఆపి ఫోన్ చేస్తే, ఒకమ్మాయి మాస్కుతో వచ్చి మల్లిని తీసుకెళ్ళింది. మేమిద్దరం హీటర్ వేసుకుని మూడు గంటలు కారులోనే కూర్చున్నాం. రాత్రి పదకొండుకి ఫోనొచ్చింది. మోకాలిలో ఎముకల్ని పట్టి ఉంచే క్రూషియేట్ లిగమెంట్ తెగినట్టుంది, ఇవాల్టికి నొప్పి తగ్గే మందులిస్తాం, సర్జన్ దగ్గరికి వెళ్ళాలి, ఆపరేషన్‌కి ఐదారు వేలు అవ్వొచ్చు అన్నారు. మా ఆయన నా వైపు చూశారు. "పర్లేదండీ, ఇన్సూరెన్స్ ఉంది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు ఎంత ధైర్యంగా ఉన్నానో ఇప్పటికీ గుర్తుంది.

ఆపరేషన్‌కి 5,400 డాలర్లు అయింది. క్లెయిం పెట్టాం. మూడు వారాలకి జవాబు: క్రూషియేట్ లిగమెంట్‌కి ఆరు నెలల వెయిటింగ్ పీరియడ్ ఉంది, అంటే పాలసీ తీసుకున్నాక అన్నాళ్ళు దానికి డబ్బివ్వరు, మీ పాలసీకి రెండు నెలలే అయింది, ఇవ్వడం కుదరదు. జారిపడడం యాక్సిడెంట్ కదా, యాక్సిడెంట్లకి కొద్ది రోజులే కదా గడువు అని వాదించాను. దెబ్బ ఎలా తగిలినా సరే ఈ లిగమెంట్ ఆ లెక్కలోకి రాదని పన్నెండో పేజీ చూపించారు. అక్కడ ఆ మాట స్పష్టంగానే ఉంది.

కరిగే రోజులతోనే గండం

నిజంగా గడ్డకట్టే రోజుల్లో ఇక్కడ ఏ కుక్కా బయట ఉండదు. మైనస్ 20లో మనమే తలుపు తియ్యం. బూట్లు తొడిగి, పాదాలకి మైనం రాసి, ఐదు నిమిషాల్లో లోపలికి తెచ్చేసుకుంటాం. రోడ్ల మీద చల్లే ఉప్పు పాదాల మధ్య ఇరుక్కుంటే గోరువెచ్చని నీళ్ళతో కడుగుతాం. చెవి కొనలకీ తోక చివరకీ చలి తగలకుండా చూడడం మన చేతిలో ఉన్న పని. ఇన్నేళ్ళలో నాకు తెలిసిన కుక్కల్లో ఒక్కదానికి కూడా డబ్బు ఖర్చయ్యేంత ఫ్రాస్ట్‌బైట్ రాలేదు. పట్టించుకునే మనిషి ఉన్న ఇంట్లో దాని కోసం ఇన్సూరెన్స్ అక్కర్లేదని నా నమ్మకం.

నీళ్ళు గడ్డకట్టే హద్దుకి అటూ ఇటూ ఊగే రోజులు అలా కాదు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే ఆ రోజుల్లో మనకీ హుషారు, కుక్కకీ హుషారు. రెండు నెలలు ఇంట్లో పడుకుని తిని, బరువు పెరిగి, తొడల్లో కండ తగ్గిన కుక్క ఒక్కసారిగా అద్దం లాంటి నేల మీద పరిగెడుతుంది. చెరువుల మీద మంచు కూడా అప్పుడే మోసం చేస్తుంది. మనిషి నడవాలంటే కనీసం నాలుగు అంగుళాల గట్టి మంచు ఉండాలని ఈ రాష్ట్ర సహజ వనరుల శాఖ ఏటా చెబుతుంది. అది కుక్కకి ఎవరు చెప్తారు? బాతు కనిపిస్తే వెళ్ళిపోతుంది.

యాంటీఫ్రీజ్ భయం కూడా శీతాకాలంతోనే వస్తుంది. కారు రేడియేటర్‌లో పోసే ఆ ద్రవంలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. తియ్యగా ఉంటుంది కాబట్టి నాకుతాయి. కొద్దిగా నాకినా కిడ్నీలు పోతాయి. 2012 నుంచి అమెరికాలో తయారీదారులు దాంట్లో చేదు కలపడానికి ఒప్పుకున్నారు గానీ, చేదుగా ఉన్నా తినేసే కుక్కలు ఉంటాయని ల్యాబ్‌ని పెంచినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా పక్కింటి పెద్దావిడ టెర్రియర్ రెండేళ్ళ కిందట గరాజ్‌లో కారు కింద కారిన పచ్చటి చుక్కలు నాకింది. ఆవిడ వెంటనే పెట్ పాయిజన్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశారు. వాళ్ళ ఆఫీసు ఇక్కడే బ్లూమింగ్టన్‌లో ఉంది. ఫీజు తీసుకుంటారు గానీ ఆ రాత్రి ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు దొరకడం పెద్ద విషయం. ఫోమెపిజోల్ అనే విరుగుడు మందు ఉంది. కుక్కకైతే మొదటి కొన్ని గంటల్లోనే పడాలి, పిల్లికి ఇంకా తక్కువ సమయం. ఆవిడ కుక్క మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి బతికి బయటపడింది.

ఆవిడకి ఇన్సూరెన్స్ ఉంది, క్లెయిం కూడా వచ్చింది. కానీ ఆ రాత్రి 3,800 డాలర్లు ఆవిడే కార్డు మీద కట్టాలి. రిటైరై పెన్షన్ మీద ఉన్న మనిషి. ఒక కార్డు సరిపోక రెండో కార్డు కోసం మా ఇంటి తలుపు కొట్టారు. మనుషుల ఇన్సూరెన్స్‌కి అలవాటుపడ్డ మనం, ఆస్పత్రీ కంపెనీ వాళ్ళలో వాళ్ళు చూసుకుంటారు అనుకుంటాం. ఇక్కడ చాలావరకు అలా ఉండదు. ముందు మనం కట్టాలి, తర్వాత వాళ్ళిస్తారు. నేరుగా క్లినిక్‌కే కట్టే కంపెనీ లేకపోలేదు, అయితే ఆ క్లినిక్ కూడా వాళ్ళ పద్ధతిలో చేరి ఉండాలి. మీ ఇంటికి దగ్గర్లో రాత్రిళ్ళు తెరిచి ఉండే ఎమర్జెన్సీ క్లినిక్‌కి ఒక పగటిపూట ఫోన్ చేసి, ఏ కంపెనీ నుంచి నేరుగా తీసుకుంటారని అడగండి. ఆ ఒక్క ఫోన్ కాల్ పది కంపెనీల ప్రీమియంలు పోల్చుకున్నదాని కంటే ఎక్కువ చెబుతుంది.

కంపెనీవాళ్ళ మాటలో ఉన్న న్యాయం

క్లెయిం కాదన్నాక చాలా రోజులు కోపంగా ఉన్నాను. ఆరు నెలలు ఆగమనడం దోపిడీ అని అందరికీ చెప్పాను. ఆ కోపం కొంచెం తగ్గింది సర్జన్ మాటలతో.

ఆపరేషన్ తర్వాత కుట్లు చూపించడానికి వెళ్ళినప్పుడు, మంచు మీద జారడం వల్లే కదా డాక్టర్ ఇదంతా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మనుషులకి ఆటల్లో ఆ లిగమెంట్ ఒక్క దెబ్బకి తెగుతుంది, కుక్కల్లో ఎక్కువసార్లు అలా కాదు, నెలల తరబడి పోగు పోగుగా నలిగి చివరికి తెగుతుంది అన్నారు. బావి తాడు గుర్తొచ్చింది నాకు. గిలక మీద రోజూ ఒరుసుకుని పీచు లేచిపోయి, ఒకరోజు నిండు బిందెతో తెగుతుంది. బిందె వల్ల తెగింది అనలేం. మల్లి తాడు మంచు పడకముందే పీచులేచి ఉంది.

అలాంటప్పుడు కంపెనీ వాళ్ళు, ఇప్పటికే నలిగిపోయిన మోకాలితో నిన్న చేరి ఇవాళ డబ్బడిగేవాళ్ళ నుంచి కాపాడుకోవాలనుకోవడంలో న్యాయం లేకపోలేదు. అది ఒప్పుకుంటాను. కానీ నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. రాష్ట్రాల ఇన్సూరెన్స్ కమిషనర్ల జాతీయ సంఘం 2022 ఆగస్టులో పెంపుడు జంతువుల ఇన్సూరెన్స్‌కి ఒక నమూనా చట్టం ఆమోదించింది. దాని ప్రకారం యాక్సిడెంట్లకి వెయిటింగ్ పీరియడ్ ఉండకూడదు. జబ్బులకీ, యాక్సిడెంట్ వల్ల రాని ఎముకల కీళ్ళ సమస్యలకీ 30 రోజులు దాటకూడదు. అంటే ఆరు నెలలు లేకపోయినా ఈ వ్యాపారం నడుస్తుందని ఆ రంగాన్ని చూసేవాళ్ళే అనుకున్నారన్నమాట. కాకపోతే అది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే ఆ రాష్ట్రంలోనే అమలు. అందుకే డాలస్‌లో స్నేహితురాలు చెప్పిన నిబంధన ఇక్కడికి వర్తించకపోవచ్చు, ఇక్కడిది డెన్వర్‌లో ఉండకపోవచ్చు. మీ రాష్ట్రం పేరు ఉన్న పాలసీ కాగితమే తెప్పించుకుని చదవాలి.

ఇంకొక దారి ఉంది, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొన్ని కంపెనీలు, పాలసీ తీసుకున్న మొదటి రోజుల్లోనే వెట్ (పశువుల డాక్టర్) చేత మోకాళ్ళు, తుంటి పరీక్ష చేయించి కాగితం పంపితే ఆ ఆరు నెలల్ని రెండు వారాలకి తగ్గిస్తాయి. అడిగితేనే చెబుతారు. నవంబరులో నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

రెండో మోకాలు, నాన్న గేదె

ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోది కూడా పోతుందని సర్జన్ అప్పుడే హెచ్చరించారు. 2022 ఏప్రిల్‌లో పోయింది. అప్పటికి పాలసీకి ఏడాదిన్నర. వెయిటింగ్ పీరియడ్ ఎప్పుడో దాటింది. ఈసారి 5,900 డాలర్లు. ఈసారి వస్తుందని నిజంగా నమ్మాను.

రాలేదు. ఒక పక్క వచ్చిన సమస్య ముందునుంచీ ఉన్నదైతే, రెండో పక్క వచ్చినా అదీ ముందునుంచీ ఉన్నట్టే లెక్క అని ఇంకో నిబంధన. ఎడమ మోకాలికి డబ్బివ్వలేదు కాబట్టి కుడిదానికి కూడా ఎప్పటికీ ఇవ్వరు. మొదటిసారి వచ్చినదాని కంటే ఈ ఉత్తరం నన్ను ఎక్కువ కుంగదీసింది. మొదటి మోకాలు పోయాక పదిహేను నెలలు నేను ప్రీమియం కట్టింది, మల్లి ఒంట్లో చెడిపోయే అవకాశం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ఒక్క భాగాన్ని వదిలేసిన పాలసీకి. ఆ సంగతి నాకు తెలియదు.

ఆ వారం నాన్నకి ఫోన్‌లో చెప్పాను. ఆయన భీమవరం దగ్గర మా ఊళ్ళోనే ఉంటారు. కుక్కకి ఇన్సూరెన్స్ ఏమిటమ్మా అంటారనుకున్నాను. అనలేదు. కాసేపు ఆగి, "మన బర్రి గేదె గుర్తుందా?" అన్నారు.

గుర్తుంది. నా చిన్నప్పుడు నాన్న రెండు గేదెలకి బీమా చేయించారు. చెవికి నంబరున్న పోగు వేసేవారు. గేదె చచ్చిపోతే ఆ పోగు తెచ్చి చూపించాలి. పోగు లేకపోతే క్లెయిం లేదు, అదీ పద్ధతి. ఆ గేదె కంచెలో దూరినప్పుడు చెవి చీరి పోగు ఎక్కడో పడిపోయింది. కొత్తది వేయిద్దాం వేయిద్దాం అనుకుంటుండగానే పాము కరిచి చచ్చిపోయింది. బీమా ఆయన వచ్చాడు, గేదెని చూశాడు, ఊరంతా సాక్ష్యం చెప్పింది. పోగేదీ అన్నాడు. అంతే.

"మీ మల్లికి కూడా చెవిపోగు ఊడిపోయిందన్నమాట" అన్నారు నాన్న. ఇంకేం అనలేదు. ఆయనకి ఈ దేశం ఇన్సూరెన్స్ గురించి ఏమీ తెలియదు గానీ, నాకు సంవత్సరంన్నర పట్టిన సంగతి ఒక్క మాటలో చెప్పారు.

చట్టం దృష్టిలో ఆ గేదెకీ మా మల్లికీ తేడా కూడా లేదు. ఈ దేశంలో కుక్క ఆస్తి కిందే లెక్క. దాని ఇన్సూరెన్స్ కారు, ఇల్లు ఉన్న కోవలోకే వస్తుంది. మనుషులకి పాత జబ్బుందని పాలసీ ఇవ్వకపోవడం 2014 నుంచి కుదరదు. కుక్కలకి ఆ రక్షణ లేదు. మనం వాటిని పిల్లల్లా చూసుకుంటూ, వాటి పాలసీని కూడా పిల్లల పాలసీలా ఊహించుకుంటాం. దెబ్బతినేది అక్కడే.

వెట్‌కి చెప్పిన మాట

ఇక్కడ నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. మొదటి క్లెయిం పెట్టినప్పుడు కంపెనీ మల్లి పాత రికార్డులన్నీ తెప్పించుకుంది. అందులో 2020 అక్టోబరు చెకప్‌లో వెట్ రాసుకున్న ఒక వాక్యం ఉంది: లేచేటప్పుడు కొంచెం బిగుసుకున్నట్టుందని యజమాని చెప్పారు, గమనించాలి. ఆ యజమాని నేనే. టీకా వేయించుకుని వచ్చేస్తూ గుమ్మం దగ్గర ఊరికే అన్న మాట. పాలసీకి సరిగ్గా నెల ముందు. వెయిటింగ్ పీరియడ్ లేకపోయినా ఆ ఒక్క వాక్యంతో నా క్లెయిం పోయేదేనని తర్వాత అర్థమైంది.

ఇది విన్న ఇద్దరు ముగ్గురు స్నేహితులు, అయితే ఇకనుంచి వెట్ దగ్గర నోరు జాగ్రత్త అన్నారు. నేను ఒప్పుకోను. మల్లి తనకి తాను చెప్పుకోలేదు. దాని నొప్పి గురించి నోరు విప్పగలిగింది నేనొక్కదాన్నే. డబ్బు కోసం ఆ నోరు కూడా మూసుకుంటే ఇక నేను దానికి ఏమవుతాను? అలాగని ఆ స్నేహితుల్ని తప్పు పట్టను, ఆరువేల బిల్లు చూస్తే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది. నాకు కనిపించిన జవాబు ఒక్కటే. చెప్పడానికి ఏమీ లేని వయసులోనే పాలసీ తీసుకోవడం. పిల్ల ఇంటికొచ్చిన వారంలోనే, దాని రికార్డులో టీకాలు తప్ప ఇంకేమీ లేనప్పుడే.

2023 జూన్‌లో షెల్టర్ నుంచి ఇంకో కుక్కపిల్లని తెచ్చుకున్నాం. పేరు చిన్నోడు. వచ్చిన నాలుగో రోజున పాలసీ తీసుకున్నాను. ఈసారి కాగితం మొత్తం చదివాను. మోకాలికి ప్రత్యేకమైన గడువు లేనిది, ఆపరేషన్ తర్వాత నీళ్ళలో నడిపించే థెరపీ కూడా ఇచ్చేది చూసుకున్నాను. ఆ థెరపీ ఎందుకంటే, ఇక్కడ జనవరిలో మోకాలి ఆపరేషన్ అయిన కుక్కని నడిపించడానికి బయట చోటే ఉండదు. మల్లిని రెండు నెలలు మా బేస్‌మెంట్‌లో తాడు పట్టుకుని గుండ్రంగా తిప్పాను. ఎమర్జెన్సీలో డాక్టర్ చూసినందుకు తీసుకునే ఫీజు ఇస్తారా లేదా అని కూడా చూశాను. చాలా పాలసీలు మందులకీ ఆపరేషన్‌కీ ఇచ్చి ఆ ఫీజు మాత్రం వదిలేస్తాయి. అర్ధరాత్రి క్లినిక్‌లో అది చిన్న మొత్తం కాదు. టీకాలకీ చెకప్‌లకీ విడిగా అమ్మే వెల్‌నెస్ ప్లాన్ మాత్రం తీసుకోలేదు. ముందే తెలిసిన ఖర్చుకి ఇన్సూరెన్స్ ఎందుకు?

ఎందుకు జూన్ అని కూడా చెప్పాలి. ఇక్కడ మంచు క్యాలెండర్ చూసి రాదు. 1991లో అక్టోబరు 31న మొదలై నాలుగు రోజుల్లో ఈ జంట నగరాల్లో (మినియాపొలిస్, సెయింట్ పాల్) 28 అంగుళాలు దాటి పడింది. మా వీధిలో పాతవాళ్ళు ఇప్పటికీ ఆ హాలోవీన్ గురించి చెబుతారు. ఎండాకాలం మొదట్లో పాలసీ తీసుకుంటే ఆరు నెలల గడువున్నా కూడా అసలు గండం మొదలయ్యేసరికి దాదాపు తీరిపోతుంది. నవంబరులో తీసుకుంటే ఆ శీతాకాలమంతా మీ డబ్బు మీదే నడుస్తుంది.

మా ఆయన లెక్క

మా ఆయనది మొదటినుంచీ వేరే మాట. నెలకి 60 డాలర్లు కంపెనీకి ఎందుకు, మనమే ఒక ఖాతాలో వేసుకుందాం, ఏమీ కాకపోతే మనకే మిగులుతాయి అంటారు. ఏడాదికి 720. ఎనిమిదేళ్ళకి 5,760. కాదనలేని లెక్క. కుక్కలన్నిటినీ కలిపి చూస్తే కట్టినదాని కంటే తిరిగొచ్చేది తక్కువే అయి ఉండాలి, లేకపోతే కంపెనీలు బతకవు. రేపు పొద్దున ఆరువేలు చెక్కు రాసి మర్చిపోగలిగినవాళ్ళకి ఇన్సూరెన్స్ అక్కర్లేదని నేనే చెప్తాను.

ఆ ఖాతా తెరిచాం కూడా. 2021లో మల్లి మొదటి ఆపరేషన్ తర్వాత. 1,900 డాలర్లు చేరాయి. మరుసటి శీతాకాలంలో ఇంటిని వేడిగా ఉంచే ఫర్నెస్ ఆగిపోయింది. బయట మైనస్ 12, పిల్లలు ఇంట్లో కోట్లు వేసుకుని కూర్చున్నారు. ఆ ఖాతాలో డబ్బు ఆ సాయంత్రమే ఖాళీ అయింది. తప్పు చేశామని అనుకోను, ఎవరైనా అదే చేస్తారు. నాలుగు నెలలకి మల్లి రెండో మోకాలు పోయింది. దాచుకున్న డబ్బు పూర్తవడానికి ఎనిమిదేళ్ళు కావాలి, మంచు మొదటి ఏడాదే వస్తుంది. పైగా ఈ ఊళ్ళో చలి కుక్క మీదికి ఒక్కదాని మీదికే రాదు. కారు బ్యాటరీ, నీళ్ళ పైపు, ఫర్నెస్, అన్నీ అదే నెలలో పోతాయి.

చిన్నోడు పోయిన డిసెంబరులో మా బాబు ఉన్ని గ్లవ్ మింగాడు. తడిసిన గ్లవ్స్ వేడిగాలి వచ్చే వెంట్ దగ్గర ఆరబెట్టడం ఇక్కడ ప్రతి ఇంట్లో ఉన్నదే. ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది. బిల్లు 4,200. ముందు మనమే భరించాల్సిన మొత్తం, డిడక్టిబుల్, 500 పోను మిగిలిన 3,700లో 80 శాతం, అంటే 2,960, రెండు వారాల్లో వచ్చింది. (కొన్ని కంపెనీలు ముందు 80 శాతం లెక్కకట్టి, అందులోంచి డిడక్టిబుల్ తీసేస్తాయి. అలాగైతే 2,860 వచ్చేది. ఇది కూడా అడిగి తెలుసుకోండి.) ఆ రాత్రి క్లినిక్‌లో చెయ్యమంటారా అని అడిగినప్పుడు మా ఆయనే నాకంటే ముందు చెయ్యండి అన్నారు. లెక్క కట్టలేదు. నేను కొనుక్కున్నది ఆ క్షణాన్నే.

అయినా ఆయన వాదనలో ఒక భాగానికి నా దగ్గర జవాబు లేదు. 2024లో నేషన్‌వైడ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ దాదాపు లక్ష పెంపుడు జంతువుల పాలసీలను ఇక కొనసాగించబోమని ప్రకటించింది. ఏళ్ళ తరబడి కట్టినవాళ్ళు, ముసలి కుక్కతో, దాని పాత జబ్బులన్నిటితో, కొత్త కంపెనీ గుమ్మం ముందు నిలబడాల్సిన పరిస్థితి. మనం ఎంత జాగ్రత్తగా చదివినా, ఏడాదికోసారి మారగల కాగితాన్ని పదేళ్ళ మాటగా నమ్ముతున్నాం. మల్లి ప్రీమియం 46 డాలర్లతో మొదలైంది. ఈ వారం వచ్చిన రెన్యువల్‌లో నెలకి 97. ఎనిమిదేళ్ళ కుక్క, రెండు మోకాళ్ళూ ఈ పాలసీలో లేవు. ఆపేద్దామా అని రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. గుండె, కిడ్నీ, కణితులు ఇంకా పాలసీలోనే ఉన్నాయి, ల్యాబ్‌కి వచ్చేవి కూడా ఇక అవే. కట్టాం. వచ్చే ఏడు ఏమంటామో తెలియదు.

ప్లిమత్ అమ్మాయికి సోమవారం ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. పాత పాలసీ ఆపేసి కొత్తదానికి మారితే గడువులన్నీ మళ్ళీ మొదటినుంచి మొదలవుతాయి, ఇన్నాళ్ళలో కుక్కకి వచ్చిన ప్రతిదీ పాత జబ్బు అయిపోతుంది, అడ్రస్ మాత్రం మార్చు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అక్కా, పోయిన వేసవిలో వాడు ఒక వారం కుంటుతూ నడిచాడు. వెట్‌కి చూపించాం. బెణికిందన్నారు" అంది. డాలస్ పాలసీలో అప్పటికి ఏడాది దాటింది. అంటే అక్కడ వాడి మోకాలు ఇంకా పాలసీలోనే ఉంది. 14 డాలర్లు తక్కువని కొత్తదానికి వెళ్ళి ఉంటే మొదటి రోజే పోయేది.

మంగళవారం అడ్రస్ మార్చింది. ప్రీమియం 6 డాలర్లు పెరిగిందట. గరాజ్ ముందు చల్లడానికి ఇసుక ఎక్కడ దొరుకుతుందని అడిగింది. శనివారం నేనే తీసుకెళ్తానన్నాను.